ఆజంజాహి మిల్లు ఇచ్చిందెంత, పోయిందెంత

1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మొదలైంది. దాని వల్ల ఊరికి ఎంత మేలో అంకెల్లో తేల్చే వృత్తి అప్పటికింకా పుట్టలేదు. దానికి కావలసిన సరంజామా మాత్రం అప్పుడే సిద్ధమవుతోంది. పెట్టిన రూపాయి చేతులు మారుతూ ఎన్ని రూపాయల పని చేస్తుందో చూపే గుణకం సిద్ధాంతాన్ని 1931లో ఆర్థికవేత్త రిచర్డ్ కాన్ ప్రకటించాడు. ఏ పరిశ్రమ ఏ పరిశ్రమ నుంచి ఎంత సరుకు కొంటుందో పట్టికగా వేసే పద్ధతిని 1936లో మరో ఆర్థికవేత్త లియాంటీఫ్ అందించాడు.

మిల్లు పెట్టింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టాడు. సంస్థానంలో పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు 1929లో ఏర్పడిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ దీని వెనక నిలబడింది. చుట్టుపక్కల పత్తి పండుతుంది, పక్కనే కాజీపేట జంక్షన్. వరంగల్‌ను ఎంచుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇలాంటి మిల్లును నేటి కన్సల్టెంట్లు మూడు వరసల్లో లెక్కిస్తారు. గేటు లోపల జీతాలు మొదటి వరస. పత్తి అమ్మిన రైతు, జిన్నింగు చేసినవాడు, బేళ్లు మోసిన బండివాడు రెండోది. జీతం అందిన సాయంత్రం కార్మికుడు తీర్చే కిరాణా ఖాతా, కుట్టించుకునే చొక్కా, కట్టే ఇంటి కిరాయి మూడోది. అసలు మెలిక తీసివేతల్లో ఉంటుంది. బయటి నుంచి తెచ్చిన యంత్రాల ఖర్చు ఊళ్లో నిలవదు. మిల్లు లేకపోయినా జరిగే వ్యాపారాన్ని మిల్లు ఖాతాలో రాయకూడదు.

మేడారం జాతర లెక్కకూ ఇదే తీసివేతల సూత్రం. అమ్మవార్లకు నిలువెత్తు బంగారంగా తూచే బెల్లం వేరే జిల్లాలో వండినదైతే, ఆ సొమ్ములో స్థానికంగా మిగిలేది దుకాణదారు లాభం, హమాలీ కూలి మాత్రమే. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన భక్తుడి ఖర్చు ఇక్కడికి కొత్త డబ్బు. హన్మకొండ కుటుంబం ఖర్చు చాలావరకు చోటు మారిన పాత డబ్బే.

మిల్లు తర్వాత నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది, నష్టాల్లో కూరుకుపోయింది, 2002లో మూతపడింది. కార్మికులు ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. వరంగల్ నేతన్నలు సూరత్, భివండీ, షోలాపూర్‌లకు వలసపోయారు. ఆ వలసంతా మిల్లు మూత వల్లే అంటే లెక్క తప్పుతుంది. చేనేత అంతకు ముందు నుంచే కుంగుతోంది, వలస కూడా పాతదే. లాభానికైనా నష్టానికైనా దేని వాటా దానికి విడదీయాలి.

2017 అక్టోబరులో గీసుకొండ, సంగెం మండలాల హద్దులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. వలసపోయిన నేతన్నలను వెనక్కి రప్పించడం దాని ఆశయాల్లో ఒకటి. లక్షకు పైగా ఉపాధి అన్నారు. అందులో నేరుగా దొరికే కొలువులెన్ని, పరోక్షంగా వచ్చేవెన్ని, సూరత్ నుంచి నిజంగా తిరిగొచ్చిన కుటుంబాలెన్ని? శంకుస్థాపన నాడు చెప్పిన అంకెల పక్కనే ఈ జవాబులనూ ప్రభుత్వం ఐదేళ్లకోసారి ప్రజల ముందు పెట్టాలి.