ఐర్లండు ఠాణా, మన్యం ఠాణా

నా దగ్గర ఐదో తరగతి దాకా చదివిన మా ఊరి కుర్రాడొకడు కానిస్టేబులయ్యాక పదకొండేళ్ళు ఊళ్ళో రాత్రి పడుకోలేదు. పండక్కి వచ్చినా పగలే వచ్చి, పొద్దు వాలకముందే బండెక్కి వెళ్ళిపోయేవాడు. కొత్తల పండగ నాడు వాళ్ళమ్మ వాడి వాటా అడ్డాకులో కట్టి, సంతకెళ్ళే వాళ్ళ చేత పంపించేది. ఊళ్ళో ఉంటే అన్నలు ఇన్ఫార్మరంటారని భయం. స్టేషన్లోనేమో, ఊరికి ఎక్కువసార్లు వెళ్తే మన సమాచారం అక్కడికి చేరవేస్తున్నాడేమో అని అనుమానం. ఉద్యోగం వచ్చిందని ఊరంతా సంబరపడ్డాం. ఊరికి ఒక మనిషి తగ్గాడని తర్వాత తెలిసింది.

ఉత్తర ఐర్లండు చరిత్ర చదువుతుంటే వీడే గుర్తొచ్చాడు. ఆ దేశమెక్కడ, మన కొండలెక్కడ అని మీకు అనిపించవచ్చు. కానీ ఠాణా మన కొండలకు వచ్చిన దారి ఐర్లండు మీదుగానే ఉంది. 1829లో లండన్ నగరానికి పెట్టిన పోలీసుకు చేతిలో తుపాకీ లేదు. ఐర్లండులో 1836లో స్థిరపరచిన పోలీసు వేరు. వాళ్ళకు తుపాకులున్నాయి, బ్యారక్‌లలో కాపురం, పైనుంచి ఒక్క అధికారి ఆజ్ఞ. సొంత జిల్లావాణ్ణి సొంత జిల్లాలో వేయకూడదన్నది అక్కడి నియమం. జనం నుంచి పోలీసును విడదీసి ఉంచడమే దాని పద్ధతి. 1843లో సింధును ఆక్రమించిన నేపియర్ అక్కడ పోలీసును పెట్టడానికి ఈ ఐర్లండు నమూనానే తీసుకున్నాడు. తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో దేశమంతటికీ పోలీసు చట్టం వచ్చాయి. మద్రాసు పోలీసుల చరిత్ర రాసిన డేవిడ్ ఆర్నాల్డే మన గూడెం, రంప తిరుగుబాట్ల గురించి కూడా రాశాడు. ఒకదాన్ని తవ్వితే రెండోది బయటపడక తప్పదు.

1879 మార్చిలో రంప ఎందుకు లేచిందో మన పెద్దలు చెబుతూనే ఉంటారు. మన్సబ్‌దారు దోపిడీ, చిగురు పన్ను, కింది నుంచి వచ్చిన షావుకార్ల అప్పుపత్రాలు, వాటికి తోడు పోలీసుల వసూళ్ళు. అందుకే మొదటి దెబ్బ పోలీసుల మీదే పడింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద రామరాజు, గాం గంటందొర, మల్లుదొర దాడి చేశారు. సరిగ్గా ఆ సంవత్సరమే ఐర్లండులో ఆ పాత పోలీసు దళం రద్దయింది. బ్రిటన్ చేతిలో మిగిలిన ఉత్తరాన ఆరు జిల్లాలకు జూన్ 1న రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ పుట్టింది. పేరు మారినా బ్యారక్ మారలేదు.

అక్కడ గొడవ ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కుల మధ్యది. పైకి మతంలా కనిపించినా, ఆ నేల ఎవరిది, ఎవరి ఏలుబడిలో ఉండాలన్నదే అసలు పేచీ. 1960ల చివరి నుంచి ముప్ఫై ఏళ్ళలో దాదాపు 3,500 మంది చచ్చిపోయారు. అందులో పోలీసులే దాదాపు 300 మంది. దేశంలో క్యాథలిక్కులు నూటికి నలభై మందికి పైగా ఉంటే, పోలీసుల్లో ఎనిమిది మందే. చేరినవాణ్ణి ఐఆర్ఏ వాళ్ళు ద్రోహి అన్నారు, చుట్టాలు దూరం పెట్టారు. ఐరిష్ ఆటలు ఆడించే గేలిక్ సంఘం, ఊరూరా మైదానాలున్న సంఘం, పోలీసులకు సభ్యత్వమే ఇవ్వలేదు. ఊరి కుర్రాళ్ళతో బంతి ఆడే వీలు కూడా పోయింది. ఈ వాక్యం చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

1998 ఏప్రిల్ 10న శాంతి ఒప్పందం కుదిరింది. పోలీసు సంగతి మాత్రం అక్కడ ఎవరూ తేల్చలేకపోయారు. ఎనిమిది మందితో ఒక సంఘం వేసి దానికి వదిలేశారు. అధ్యక్షుడు క్రిస్ పాటెన్, అంతకు ముందు హాంకాంగ్‌కు ఆఖరి బ్రిటిష్ గవర్నరు. ఈ సంఘం రాజధానిలో కూర్చుని కాగితాలు రాయలేదు. ప్రతి జిల్లా మండలి ప్రాంతానికీ వెళ్ళి సభలు పెట్టింది. 10,000 మందికి పైగా వచ్చారు, 1,000 మందికి పైగా లేచి మాట్లాడారు. చనిపోయిన పోలీసుల భార్యలు మాట్లాడారు, పోలీసుల చేతిలో తమ వాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళూ మాట్లాడారు. గ్రామసభ అంటే సంతకాల పుస్తకం అనుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

1999 సెప్టెంబరులో వచ్చిన నివేదికలో 175 సిఫారసులున్నాయి. అన్నీ చెప్పను. 2001 నవంబరు 4న పోలీసు పేరు మారింది, తర్వాత టోపీ మీద గుర్తూ మారింది. పదేళ్ళ పాటు కొత్తగా తీసుకునే వాళ్ళలో సగం మంది క్యాథలిక్కులు, సగం మంది తక్కినవాళ్ళు. ఈ సగం లెక్కనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం మిగతా రెండూ పెద్దవిగా కనిపిస్తాయి. ఒకటి, పోలీసు పెద్దను నిలదీసే పోలీసింగ్ బోర్డు. అందులో 19 మంది, పది మంది ఎన్నికైన నాయకులు, తొమ్మిది మంది బయటివాళ్ళు. రెండోది ఆంబుడ్స్‌మన్ ఆఫీసు. పోలీసు మీద ఫిర్యాదును పోలీసు కాకుండా వేరేవాళ్ళు దర్యాప్తు చేస్తారు. మొదటి ఆంబుడ్స్‌మన్ నూలా ఓలోన్ అనే ఆమె. 1998లో ఓమా ఊళ్ళో బాంబు పేలి 29 మంది చచ్చిపోతే, ఆ కేసులో పోలీసుల పనితీరునే 2001లో తప్పుపట్టింది. పోలీసు పెద్ద మండిపడ్డాడు. జనం మాత్రం, ఈ ఆఫీసుకు పళ్ళున్నాయి అనుకున్నారు.

ఇదంతా సులువుగా జరగలేదు. చనిపోయిన 300 మంది కుటుంబాలకు ఆ పాత పేరు తమ వాళ్ళ సమాధి మీది పేరు. దాన్ని తీసేస్తుంటే వాళ్ళ కడుపు మండింది, అది అబద్ధపు బాధ కాదు. అవతలి పక్క షిన్ ఫేన్ పార్టీ కొత్త పోలీసును ఒప్పుకోవడానికి 2007 జనవరి దాకా పట్టింది. అదే గేలిక్ సంఘం మాత్రం 2001లోనే తన పాత నియమాన్ని ఎత్తేసింది. 2011 ఏప్రిల్‌లో ఓమాలో ఒక క్యాథలిక్ కానిస్టేబుల్‌ను, పాతికేళ్ళ కుర్రాణ్ణి, కారు కింద బాంబు పెట్టి చంపారు. శవపేటికను కొంత దూరం గేలిక్ సంఘం వాళ్ళు, కొంత దూరం పోలీసులు మోశారు. పదేళ్ళ కిందట ఆ భుజాలు కలిసే వీలే లేదు.

సగం లెక్కను ఆ ఏడాదే ఆపేశారు. క్యాథలిక్కుల వాటా మూడో వంతు దగ్గరే ఆగిపోయింది. పాత హత్యల కేసుల్లో ఇంకా తిరుగుతున్న కుటుంబాలున్నాయి. కాబట్టి అక్కడంతా బాగుందని నేను అనను.

మన దగ్గర ఈ విషయం ఎత్తితే, ఆదివాసీ కుర్రాళ్ళకు పోలీసు ఉద్యోగాలు ఇస్తున్నాం కదా అంటారు. ఉద్యోగాలు వద్దని ఎవరూ అనరు. కానీ గోదావరికి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఏం జరిగింది? కోయ కుర్రాళ్ళనే స్పెషల్ పోలీసులని చెప్పి తుపాకులిచ్చి ముందు నడిపించారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అప్పటికే ఊళ్ళు ఖాళీ చేసి వేల మంది మన ఖమ్మం, గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చి పడ్డారు. మనవాణ్ణి చేర్చుకోవడం వేరు, మనవాణ్ణి ముందు పెట్టుకోవడం వేరు. ఫిర్యాదు చేసే చోటు లేకుండా చేర్చుకుంటే జరిగేది రెండోదే.

ఆ చోటు పెట్టమని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో వాకపల్లి ఆడబిడ్డలు పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు నిందితులను విడుదల చేసింది, చేస్తూనే దర్యాప్తు సరిగా జరగలేదంది, ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు. ఆ దర్యాప్తు మొదటి రోజు నుంచే వేరేవాళ్ళ చేతిలో ఉండి ఉంటే ఏం తేలేదో ఇప్పుడెవరూ చెప్పలేరు.

మా కుర్రాడు పోయిన కొత్తల పండక్కి రాత్రి ఉన్నాడు. ఇప్పుడు దారులు కాస్త నెమ్మదిగా ఉన్నాయి. వాళ్ళమ్మ మంచం అరుగు మీద కాకుండా లోపల, పొయ్యి పక్కన వేసింది. డోలు వినిపిస్తుంటే లేచి బయటికి వచ్చాడు, కాసేపు గడప దగ్గరే నిలబడ్డాడు. పిలిస్తే వెళ్దామా అన్నట్టు చూస్తున్నాడు. మా పక్కింటి ముసలాయన "రారా, నీ వాటా ఆకు ఇక్కడే ఉంది" అన్నాడు.