బండల నడుమ గునుగు

వానాకాలం చివర, భాద్రపదం సగం దాటేసరికి తెలంగాణ చెలకల్లో గునుగు తలెత్తుతుంది. నడుము ఎత్తు దాకా నిటారుగా పెరిగే మొక్క, కొమ్మకొమ్మకూ ఒక కంకి. కంకి కొసన గులాబీ రంగు, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. వేళ్ల మధ్య నలిపితే తడి అంటదు, గరగరమంటుంది. తెంపి నీడన వేలాడదీస్తే నెలల తరబడి ఆకారం చెడదు. ఆస్ట్రేలియావాళ్లు తమ నేల మీది కాగితపు చామంతుల గురించి ఎంతో మురిపెంగా చెప్పుకుంటారు. అంత మురిపెంగా చెప్పుకోదగ్గ కాగితపు పువ్వు మనకూ ఉంది. ఇవాళ అద్దాల మేడలున్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఒకప్పుడు ఆ పువ్వు పూసిన చెలకలే.

ఇది ఎందుకు వాడదో చూద్దాం. గునుగు కంకి అంటే ఒకే పువ్వు కాదు, ఒత్తుగా పేర్చినట్టున్న చిన్నచిన్న పూల గుంపు. ఒక్కో పువ్వుకు ఐదు పలుచని పొరలుంటాయి. వాటిలో మొదటినుంచీ నీరు బహు తక్కువ. అందుకే ఎండినప్పుడు ముడుచుకుపోవడానికి ఏమీ ఉండదు. ఆ గులాబీ రంగు కూడా మందారపు ఎరుపు వంటిది కాదు, బీట్‌రూట్‌లో ఉండే బీటాలెయిన్ల వర్గానికి చెందినది. కింది పూలు ముదిరి వెండిరంగుకు తిరుగుతుంటే పైన కొత్తవి విచ్చుతూనే ఉంటాయి. ముదిరిన కాయకు పైసగం మూతగా ఊడి, నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. మొక్కది తోటకూర కుటుంబం. కాగితపు చామంతిది చామంతి కుటుంబం, అందులో కాగితంలా ఉండేవి పూరేకులు కావు, పూలగుత్తిని చుట్టుకున్న పత్రాలు. రెండు వేర్వేరు వంశాలు వాడకుండా ఉండటానికి ఒకే ఉపాయాన్ని కనిపెట్టాయి. ఆస్ట్రేలియా పువ్వును 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త వెంతెనా గ్రంథస్థం చేశాడు, నెపోలియన్ భార్య జోసెఫీన్ మాల్మెజోన్ తోటలో పెరిగిన మొక్కలను వర్ణించిన పుస్తకంలో. గునుగుకు అంతకు యాభై ఏళ్ల ముందే, 1753లో, లినేయస్ సెలోసియా అర్జెంటియా అని పేరు పెట్టాడు.

దాని పుట్టిల్లు ఆఫ్రికా అని కొందరు వృక్షశాస్త్రవేత్తలంటారు, భారతదేశమని కొందరు. ఆ తగువు తేలినా తేలకపోయినా, జొన్న, ఆముదం, పల్లి వేసే చెలకల్లో తరతరాలుగా మొలుస్తున్న మొక్కను పరాయిదనలేం. నైజీరియాలో దాని ఆకును కూరగా వండుకోవడానికి సాగు చేస్తారు. జహీరాబాద్ వైపు మెట్ట పల్లెల్లో విత్తకుండా దొరికే ఆకుకూరల్లో గునుగూ ఒకటి. రైతుకు అది కలుపు, కూలికి వెళ్లిన ఆడవాళ్లకు కొంగులో మూట కట్టుకొచ్చే కూర, నెల తిరిగేసరికి పండుగ పువ్వు. ఒక్క మొక్కకు ఇన్ని పాత్రలుండటం మెట్ట సేద్యపు బతుకులోనే సాధ్యం.

ఇక నేల సంగతి. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకూ వానకూ చిట్లి, గుండ్రబడి, ఒకదానిపై ఒకటి నిలిచిన బండలు నగరానికి పడమటి వైపు ఎక్కువ. బండ అరిగి రాలిన ఎర్రమట్టి పలుచన, నీరు నిలవదు. అలాంటి చోట వరి పండదు, పునాస పంటలు పండుతాయి, పంట లేని ఏడు గడ్డి, తంగేడు, గునుగు పెరుగుతాయి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు ఈ బండల మధ్యే ఉంది. తర్వాత నిజాం పాలనలో ఈ పల్లెలు రకరకాల పట్టాల కింద నలిగాయి. రాయదుర్గం పాన్‌మక్తా, రాయదుర్గం నౌఖల్సా, రాయదుర్గం పాయిగా అని రెవెన్యూ దస్త్రాల్లో ఇప్పటికీ ఆ ఆనవాళ్లున్నాయి. పశువులు మేసే బీళ్లను కంచెలుగా విడిగా ఉంచారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పట్టాలు మారాయి గాని నేల వాడకం పెద్దగా మారలేదు. చెలక చెలకగానే, కంచె కంచెగానే మరో పాతికేళ్లు గడిచింది.

మొదటి పెద్ద మార్పు చదువు రూపంలో వచ్చింది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. గచ్చిబౌలిలో దానికి దాదాపు 2,300 ఎకరాలు ఇచ్చారు. కట్టడాలు కొంచెం, బీడు ఎక్కువ. ఆ రోజుల్లో ఎవరూ ఉద్దేశించకపోయినా, ఆ ప్రహరీ దక్కను మెట్టనేల ముక్కను యాభై ఏళ్ల పాటు కాపాడింది. 1992లో మాదాపూర్‌లో శిల్పారామం వచ్చింది. 1996లో, ఇళ్ల కోసం బండలను పేల్చేస్తుంటే చూడలేక కొందరు నగరవాసులు సొసైటీ టు సేవ్ రాక్స్ స్థాపించారు. రాళ్లనైనా కాపాడుకోవాలన్న స్పృహ వాళ్లకు కలిగినందుకు మనం రుణపడి ఉన్నాం. రాళ్ల సందుల్లో మొలిచే మొక్కల తరఫున మాత్రం అలాంటి సంఘమేదీ పుట్టలేదు.

1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ గుండ్రటి కట్టడం చుట్టూ అప్పటికింకా రాళ్లూ రప్పలే. ఆ తర్వాతి వేగం అందరికీ తెలిసిందే: 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ, అదే ఏడాది డిసెంబర్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ), 2002లో జాతీయ క్రీడలకు గచ్చిబౌలి స్టేడియం, 2019లో రాయదుర్గం దాకా మెట్రో, 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన. లక్షల కుటుంబాలకు అన్నం పెట్టిన కథ ఇది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

అయితే ఆ తొలి పదేళ్లలో ఒక చిత్రం జరిగింది. పొలాలు అమ్ముడయ్యాయి, కట్టడాలు ఇంకా లేవలేదు. దున్నేవాడు లేక, కట్టేవాడు రాక, ప్లాట్లుగా హద్దురాళ్లు పాతిన భూమి ఏళ్ల తరబడి పడావు పడింది. కదిలించి వదిలేసిన నేల గునుగుకు మహా ఇష్టం. జేసీబీ గీకి పోయిన చోట మరుసటి వానకు అది గుంపులుగా లేస్తుంది. కాబట్టి నగరం గునుగును ఒక్కసారిగా తరిమేయలేదు, కొన్నేళ్లు చోటిచ్చి ఆ తర్వాత కాంక్రీటు పరిచింది. మిగిలిన మట్టి మీద పచ్చిక పరిచి, నీళ్ల గొట్టం వేసి, వారం వారం యంత్రంతో కత్తిరించడం మొదలైంది. రోడ్ల మధ్య కోనోకార్పస్ చెట్లు వచ్చాయి. నీళ్లు అడగని పువ్వు పోయిన చోటే నీళ్ల ట్యాంకర్లతో పెంచే పచ్చదనం నిలిచింది. ఇది నష్టం. అందం విషయంలో వాదులాడుకోవచ్చు గాని, ఎండాకాలం నీటి బిల్లు చూసినవారికి ఈ నష్టం గురించి వాదన అక్కర్లేదు.

అదే కాలంలో, పూలు పేర్చి ఆడే బతుకమ్మ పండుగ పెద్దదైంది. తెలంగాణ ఉద్యమంలో పల్లె వాకిట్లోంచి వీధుల్లోకి, సభల్లోకి, విశ్వవిద్యాలయాల్లోకి వచ్చింది. 2014లో కొత్త రాష్ట్రం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. తంగేడు ఆ గౌరవానికి తగినదే. కానీ బతుకమ్మను పేర్చిన ఏ ఆడబిడ్డనడిగినా చెబుతుంది, నిలబెట్టేది గునుగేనని. పొద్దున తెంపిన తంగేడు సాయంత్రానికి వాలిపోతుంది. గునుగు కాడ గట్టిది, కంకి ఎండినా వాలదు. కొసలు సమంగా కోసి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచితే ఆ పొడి పొరలు రంగును పీల్చుకుంటాయి. తాంబాళంలో వరుసపై వరుసగా ఎత్తు లేచేది వాటి బలంతోనే. ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఆ పువ్వుదే మోత.

ఇప్పుడు కంపెనీ ప్రాంగణాల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో బతుకమ్మ ఆడుతున్నారు. సంతోషం. పట్టుచీరల్లో, మెడలో ఐడీ కార్డుతోనే చప్పట్లు కలిపే అమ్మాయిలను చూస్తే కడుపు నిండుతుంది. ఆ పువ్వు మాత్రం ఊరి బయటి నుంచి వస్తుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను ఆపింది. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు చెలకలు మిగలడంలో దాని పాత్ర ఉంది. నీటి కోసం చేసిన చట్టం పూలకూ నీడనిచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఇప్పుడు అక్కడా భూమి ధర పలికేది గజాల్లోనే.

ఊళ్లలోనూ గునుగు మునుపటిలా లేదు. జొన్న, ఆముదం తగ్గి పత్తి, మక్కజొన్న పెరిగాయి. కూలి దొరక్క రైతు కలుపు మందు కొడుతున్నాడు. అతన్ని తప్పుపట్టలేం. చేతితో కలుపు తీసినప్పుడు గట్టు మీద నాలుగు మొక్కలు బతికేవి, మందు గట్టును కూడా వదలదు. పండుగ ముందు వారం కట్ట ధర ఎందుకు ఏటేటా పెరుగుతోందో ఈ పొలం వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది.

2025 మార్చి 30న కంచ గచ్చిబౌలిలో, విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో యంత్రాలు దిగాయి. విద్యార్థులు ఎదురుతిరిగారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. దేశమంతా నెమళ్ల గురించి, జింకల గురించి, చెట్ల గురించి మాట్లాడింది. మాట్లాడవలసిందే. కానీ ఆ నేల పేరులోనే ఉన్నట్టు అది కంచె, గడ్డిబీడు. దాని అసలు సంపద మోకాటి ఎత్తులో ఉంటుంది: గడ్డి, తంగేడు పొదలు, వానాకాలం పూసి కార్తీకంలో గింజ రాల్చే మొక్కలు. అడవి అంటే పెద్ద చెట్లే అన్న లెక్క వేసుకున్నంత కాలం ఇలాంటి నేలను ఖాళీ భూమి అని తేలిగ్గా రాసేస్తారు.

సముద్రం దాటినవారి కథ మరోలా ఉంది. అమెరికాలో ఇదే మొక్కను తోటల కోసం విత్తన పొట్లాల్లో అమ్ముతారు, తెలుగువాళ్లు కొందరు బతుకమ్మ కోసమే పెరట్లో పెంచుకుంటారు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో బతుకమ్మ వచ్చేది అక్కడి వసంతంలో, అంటే కాగితపు చామంతులు పూసే కాలంలో. డబ్బిచ్చి విత్తనం కొని గునుగును పెంచుకునేవారు అమెరికాలో ఉన్నప్పుడు, ఉచితంగా మొలిచే మొక్కను ఇక్కడ మనం పీకేయడం నాకు మింగుడు పడదు.

దీన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. పొలంలో గునుగు పంటకు పోటీ, నగరంలో పోటీపడటానికి పంటే లేదు. ప్రాంగణాల తోట నిర్వాహకులకూ, చెరువు గట్లను చూసే జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ అధికారులకూ ఒకటే మనవి: ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఒక పక్క కత్తిరించకుండా, మందు కొట్టకుండా వదిలేయండి. పండుగకు తెంపుకున్నాక కూడా కొన్ని కంకులు మొక్కకే ఉండనివ్వండి. మీరు అపార్టుమెంటులో ఉన్నా సరే, దీపావళి దాటాక ముదిరిన కంకులు నాలుగు తెచ్చి, కాగితం మీద దులిపి గింజలు దాచుకోండి. తొలకరి పడగానే గోడ వారన చల్లి, పైపైన మట్టి కప్పండి. ఎరువు వద్దు, నీళ్లు వద్దు. బతుకమ్మ నాటికి పువ్వు చేతికొస్తుంది.