చౌక సింథసైజర్ చరిత్ర: ధర తగ్గించడానికి ఏం తీసేశారు?



చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టుకుని కీబోర్డు కొనడానికి దుకాణానికి వెళ్లినవాళ్లు మీలో కొందరైనా ఉంటారు. చూడటానికి ఒకేలా ఉన్న నాలుగైదు వాద్యాలు అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఒకదాని ధర పక్కదానికి మూడు రెట్లు. "ఇందులో ఆరు వందల శబ్దాలున్నాయండీ" అంటాడు దుకాణదారు. ఆ అంకె విని మనం తలూపుతాం. నిజానికి అడగవలసిన ప్రశ్న వేరు. ఇంత తక్కువకు అమ్మడానికి ఇందులోంచి ఏం తీసేశారు? సింథసైజర్ చరిత్రలో పెద్ద భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

సింథసైజర్ అంటే శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా పుట్టించి, దాన్ని కావలసినట్టు మలిచి, స్పీకరు ద్వారా వినిపించే యంత్రం. వోల్టేజి పెంచితే స్వరం పైకి పోతుంది, తగ్గిస్తే కిందికి దిగుతుంది. ఈ సూత్రంతో అమెరికా ఇంజనీరు రాబర్ట్ మూగ్ 1964లో తన పరికరాన్ని ప్రదర్శించాడు. అది బీరువా అంత ఉండేది. ఒక భాగాన్ని మరో భాగంతో కలపడానికి పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లాగా తీగలు గుచ్చాలి. విశ్వవిద్యాలయాలకు, పెద్ద స్టూడియోలకు తప్ప ఇతరులకు అందే వస్తువు కాదది. మన దేశంలో 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఒక మూగ్ వచ్చింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని అక్కడ నెలకొల్పాడు. కొందరు భారతీయులు కొన్నేళ్లపాటు దానిపై ప్రయోగాలు చేశారు. ఆ టేపులు చాలాకాలం మరుగున పడి ఉండి, 2023లో ఆల్బమ్‌గా బయటికి వచ్చాయి.

1970లో వచ్చిన మినీమూగ్‌లో మొదట తీసేసింది ఆ తీగలనే. భాగాలన్నింటినీ లోపలే కలిపేసి, ముందు గుండీలు, కింద మెట్లు ఇచ్చారు. వాద్యం చంకలో పట్టేంత అయింది. అయినా ధర సుమారు 1,500 డాలర్లు, ఆ రోజుల్లో అమెరికాలో ఒక చిన్న కొత్త కారు ధరకు కాస్త తక్కువ. పైగా ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. మన హార్మోనియంపై మూడు మెట్లు కలిపి నొక్కే పిల్లవాడికి ఇది వింతగా తోచవచ్చు. బొంబాయి సినిమా సంగీతంలో దీన్ని వాడిన తొలివారిలో కెర్సీ లార్డ్ ఒకరు. ఎలక్ట్రానిక్ వాద్యం మన సినిమాకు అప్పటికే కొత్త కాదనుకోండి. 1954 నాటి 'నాగిన్' చిత్రంలో వినిపించే నాగస్వరం క్లావియోలిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంపై కల్యాణ్‌జీ వాయించినదే.

బ్రిటన్‌లో మరో దారి తొక్కారు. 1969లో ఈఎమ్‌ఎస్ సంస్థ వీసీఎస్ 3 అనే సింథసైజర్‌ను 330 పౌండ్లకు అమ్మింది. ఆ ధరకు మెట్లు రావు, అవి కావాలంటే విడిగా కొనుక్కోవాలి! 1978లో వచ్చిన వాస్ప్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ధర సుమారు 200 పౌండ్లు. ప్లాస్టిక్ పెట్టె, బ్యాటరీలు, సొంత స్పీకరు. మెట్లు ఉన్నాయి కానీ కదలవు. చదునైన పలకపై మెట్ల ఆకారం ఉంటుంది, వేలు తాకిస్తే స్వరం పలుకుతుంది. వాయించడం కష్టమే. కానీ లోపల శబ్దాన్ని మలిచే భాగం మాత్రం అసలైనది. ఇక్కడ పొదుపు చేసింది చేతికి తగిలే చోట, చెవికి తగిలే చోట కాదు. నా దృష్టిలో ఇది మంచి బేరం.

జపాన్‌లో కాలిక్యులేటర్లు చేసే కేసియో సంస్థ 1980లో ఈ రంగంలోకి దిగింది. మరుసటి ఏడాది వచ్చిన వీఎల్-1 సగం కాలిక్యులేటర్, సగం వాద్యం. దానిలో అంకెలు నొక్కి కొత్త శబ్దాన్ని తయారు చేసుకోవచ్చు. 1986 నాటి ఎస్‌కే-1 లోనైతే మైక్రోఫోన్ ఉండేది. ఇంట్లో కుక్క మొరిగితే ఆ మొరుగునే సరిగమలుగా వాయించవచ్చు. మెట్లు 32, అవీ చిన్నవి. ఒకేసారి నాలుగు స్వరాలు. అది ఆటబొమ్మే, కానీ అంతకు కొన్నేళ్ల క్రితం వరకు ఆ పని చేయడానికి వేల డాలర్ల యంత్రం కావలసి వచ్చేది.

1983లో రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుగొన్న పద్ధతితో యమహా తెచ్చిన డీఎక్స్7. రెండు వేల డాలర్లకు 16 స్వరాలు ఒకేసారి, అదీ వేలి ఒత్తిడికి స్పందిస్తూ. ఇక్కడ తీసేసింది గుండీలను. చిన్న తెరలో అంకెలు మార్చుకుంటూ శబ్దం చేయాలి. ఆ తలనొప్పి పడలేక చాలామంది సంస్థ ఇచ్చిన శబ్దాలతోనే సరిపెట్టుకున్నారు. ఆ దశాబ్దపు పాటలు ఒకేలా వినిపించడానికి ఇదీ ఒక కారణం. రెండోది మిడి. ఒక సంస్థ వాద్యం మరో సంస్థ వాద్యంతో మాట్లాడుకునే ఉమ్మడి భాష ఇది. డేవ్ స్మిత్, ఇకుటారో కకెహాషి దీనికి ముఖ్యులు. చౌక భాగాలతో పని జరిగేలా దీన్ని రూపొందించారు కనుక చిన్న వాద్యాల్లోకి కూడా చేరింది.

డీఎక్స్7 రాగానే పాత వాద్యాల విలువ పడిపోయింది. రోలండ్ సంస్థ 1981లో తెచ్చిన టీబీ-303 ఒంటరి గిటారిస్టుకు బేస్ తోడుగా ఉద్దేశించినది. ఎవరికీ నచ్చలేదు, 1984లో తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో పడి ఉన్న ఆ పెట్టెలు షికాగోలో డబ్బులేని కుర్రాళ్ల చేతికి వచ్చాయి. వాళ్లు గుండీలను తిప్పకూడని రీతిలో తిప్పగా 1987లో 'యాసిడ్ ట్రాక్స్' పుట్టింది, దానితో ఒక కొత్త సంగీత రీతి. విచిత్రమేమిటంటే, అదే 303పై బొంబాయి సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లోనే పది రాగాలను డిస్కో లయలో రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్లీ విడుదలయ్యాకే ప్రపంచం తిరిగి చూసింది. ఒకప్పుడు ఎవరికీ అక్కరలేని ఆ పెట్టె ఇప్పుడు వేల డాలర్లు పలుకుతోంది. దాని తరహాలో చేసిన చౌక నకళ్లు 2019 నుంచి దొరుకుతున్నాయి.

మన ఊళ్ల సంగతి చూద్దాం. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు దిగుమతి ఆంక్షలు, సుంకాల వల్ల విదేశీ వాద్యం సామాన్యుడికి అందేది కాదు. ఉన్నవాళ్లు అద్దెకిచ్చేవారు. ఎ.ఆర్. రెహమాన్ తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో మరణించాక, ఆయన వాద్యాలను అద్దెకివ్వడమే ఆ కుటుంబానికి ఆధారమైంది. తర్వాత చౌక కీబోర్డులు వచ్చి పెళ్లి ఆర్కెస్ట్రాలకు, చర్చిలకు, భజన మందిరాలకు చేరాయి. ఏ సంస్థ కీబోర్డునైనా "కేసియో" అనడం చాలాచోట్ల అలవాటయింది.

అయితే మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఈ చిక్కు హార్మోనియంతోనే మొదలైంది. పద్యనాటకానికి ప్రాణమైన ఆ వాద్యాన్ని 1940 నుంచి 1971 వరకు ఆలిండియా రేడియో నిషేధించింది. స్వరాల మధ్య జారడం దానికి రాదని, గమకం పలకదని విమర్శ. చౌక కీబోర్డుకూ అదే లోపం. స్వరాన్ని సాగదీసే పిచ్ బెండ్ చక్రం ఎడమవైపు ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డుపై కర్ణాటక సంగీత కచేరీలు చేస్తున్నారు. ఆ చక్రం లేని వాద్యంపై అది సాధ్యమయ్యే పని కాదు. కానీ ధర తగ్గించాలనుకున్నప్పుడు తయారీదారు ముందుగా తీసేసే వాటిలో ఆ చక్రం ఒకటి. ఆరు వందల శబ్దాలు ఉంచుతాడు, ఎందుకంటే చిప్‌లో వాటికయ్యే ఖర్చు స్వల్పం.

కనుక దుకాణంలో మొదట ఎడమచేతి వైపు చూడండి. తర్వాత ఒకే మెట్టును మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. రెండూ ఒకేలా వినిపిస్తే ఆ వాద్యానికి మీ వేలి బరువు తెలియదన్నమాట. పది వేళ్లూ ఒకేసారి ఆనించి ఎన్ని స్వరాలు మిగులుతాయో వినండి. వెనుకవైపు మిడి లేదా యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూడండి. అది ఉంటే లోపలి శబ్దాలు నాసిరకమైనా ఫరవాలేదు, పాత కంప్యూటరులో ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని శబ్దం అక్కడినుంచి తెచ్చుకోవచ్చు. వేళ్లకు సరిపడే మెట్లు మాత్రం తర్వాత ఎక్కడినుంచీ తెచ్చుకోలేరు.