పాలిచ్చే తల్లులూ.. మంగు మచ్చలకు ఏ క్రీమ్ పడితే అది రాస్తున్నారా?

కాన్పు తర్వాత ముఖంపై మంగు మచ్చలు చాలామందిలో కనిపించేవే. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు మిర్చి, పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లకైతే ఎండకు అవి ఇంకా ముదురుతాయి. మందుల షాపుకో, ఫ్యాన్సీ షాపుకో వెళ్లి అడిగితే చాలు.. ట్యూబ్ చేతికొస్తుంది. చంటిబిడ్డ పాలు తాగుతోందా అని అడిగేవాళ్లు తక్కువే.

మంగుకు అమ్మే చాలా క్రీముల్లో మూడు మందులు కలిసి ఉంటాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. ట్రెటినాయిన్ చర్మం నుంచి రక్తంలోకి వెళ్లేది బాగా తక్కువ. హైడ్రోక్వినోన్ అలా కాదు, రాసినదాంట్లో మూడో వంతుకు పైగా ఒంట్లోకి చేరుతుంది. అందుకే పాలిచ్చే రోజుల్లో దాన్ని ఆపేయమంటారు. ఇక స్టెరాయిడ్‌ను నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు.

అసలు ప్రమాదం పాదరసంతో. లేబుల్ సరిగా లేని కొన్ని ఫెయిర్‌నెస్ క్రీముల్లో ఇది ఉంటుంది. తల్లి ఒంట్లోకి చేరి పాల ద్వారా బిడ్డకూ వెళ్తుంది. కిడ్నీలు, ఎదిగే మెదడు దెబ్బతినొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. డబ్బాపై తయారీదారు పేరు, అడ్రస్ లేకపోయినా.. మెర్క్యురీ, కెలోమెల్ అని కనిపించినా కొనొద్దు.

మరి ఏం రాసుకోవచ్చు? జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, మామూలు మాయిశ్చరైజర్‌తో ఇబ్బంది లేదు. మచ్చలకు అజెలాయిక్ యాసిడ్, మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ డాక్టర్ చెబితే వాడొచ్చు. మొటిమల ఐసోట్రెటినాయిన్ మాత్రలు మాత్రం పాలిచ్చేటప్పుడు వద్దే వద్దు. చేలో కొంగు ముఖానికి అడ్డంగా కప్పుకోవడం కూడా తీసేయాల్సిన అలవాటు కాదు, ఎండను బాగానే ఆపుతుంది. కాన్పయ్యాక కొన్ని నెలలకు చాలామందిలో మంగు దానంతటదే తగ్గుతుంది.

ఏది రాసినా రొమ్ముపై, బిడ్డ బుగ్గ ఆనే చోట రాయొద్దు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కుని బిడ్డను ఎత్తుకోవాలి. చనుమొన పగిలితే పాల చుక్కలే రాసి ఆరనివ్వొచ్చు. శుద్ధి చేసిన లానోలిన్ అయితే తుడవక్కర్లేదు.

ఇప్పటికే ఏదో క్రీమ్ వాడేశారా? కంగారుపడి పాలు మాన్పించొద్దు. క్రీమ్ రాయడం ఆపి, ఆ ట్యూబ్‌ను డబ్బాతో సహా ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్‌కు చూపించండి. టీకాల రోజు బిడ్డతో వెళ్లినప్పుడు ఏఎన్‌ఎంను అడిగినా ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.