మదాం సిమ్కీ

'ఆవారా' చిత్రంలోని స్వప్నదృశ్యాన్ని, ఆ మేఘాల నడుమ మెట్లమీద నిలిచిన నర్గీసును చూచినవారు మరువలేరు. 1951లో విడుదలైన ఆ చిత్రానికి నృత్యరచన చేసినది ఒక ఫ్రెంచి వనిత అని ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

ఆమె అసలు పేరు సిమోన్ బార్బియే. పియానో అభ్యసించిన ఈ యువతి పారిసులో ఉదయశంకర్‌ను కలుసుకొని నాట్యం వైపు మరలినది. సిమ్కీ అనే పేరుతో 1931లో పారిసులో ఆయన బృందపు తొలి ప్రదర్శనలో పాల్గొన్నది. తరువాత ఐరోపా, అమెరికా రంగస్థలాలపై శివుని సరసన పార్వతిగా, కృష్ణుని చెంత రాధగా నర్తించినది. పియానో మెట్లకు అలవడిన వ్రేళ్ళు హస్తముద్రలు పట్టడం సామాన్యమైన సాధన కాదు!

ఉదయశంకర్ శైలి శుద్ధశాస్త్రీయం కాదని పండితులు ఆక్షేపించేవారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని అల్మోరాలో ఆయన నెలకొల్పిన కేంద్రంలో కథకళికి శంకరన్ నంబూద్రి, భరతనాట్యానికి కందప్ప పిళ్ళై, మణిపురికి అమోబీ సింగు గురువులు. అంతటివారి నడుమ సిమ్కీ కూడ విద్యార్థులకు పాఠం చెప్పినది. విదేశీయురాలికి అంతకన్న యోగ్యతాపత్రం ఏమి కావలెను?

1944లో కేంద్రం మూతపడినది. అక్కడి విద్యార్థి గురుదత్ చలనచిత్రాలకు తరలినాడు. సహనర్తకుడు ప్రభాత్ గంగూలీని వివాహమాడిన సిమ్కీ కూడ కొంతకాలానికి అటే నడచినది. 'ఆవారా'లోని ఆ ఒక్క స్వప్నదృశ్యం చిత్రీకరణకే మూడు మాసాలు పట్టినదంటారు.