ఇంటి అగ్నిప్రమాదాల్లో నిల్వ తూటాలు

ఇంట్లో దాచిన తుపాకీ తూటాలు నిప్పు తగిలితే పేలతాయి. అయితే తుపాకీతో కాల్చినప్పుడు పేలినట్టు పేలవు. వాటి వల్ల ఎంత హాని జరుగుతుందన్నది లోపలున్న మందు కంటే ఆ మందు ఎంత గట్టి గోడల మధ్య కాలిందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అట్టపెట్టెలోని తూటాల కంటే లోడు చేసి వదిలేసిన ఒక్క తుపాకీ ఎక్కువ ప్రమాదకరం. పౌరుల ఇళ్లలో తుపాకులు విరివిగా ఉన్న అమెరికాలో ఈ విషయం మీద పరీక్షలు, నిల్వ నియమాలు ఎక్కువగా వచ్చాయి.

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున మందును అంటించే చిన్న ప్రైమర్, లోపల పొగలేని మందు, మూతి దగ్గర సీసపు గుండు. వేటకు వాడే 12 బోర్ తూటాకు అడుగుభాగం మాత్రమే లోహం, పైదంతా ప్లాస్టిక్ లేదా అట్ట. పొగలేని మందుకు మూలం నైట్రోసెల్యులోజ్. కాలడానికి కావలసిన ఆక్సిజన్ అందులోనే ఉంటుంది కాబట్టి గాలి అందకుండా కప్పేసినా ఆరదు. బయట పోసి అంటిస్తే భగ్గున మండి అయిపోతుంది. మూసిన చోట అంటుకుంటే మాత్రం వాయువు పోయే దారిలేక పీడనం పెరుగుతుంది, ఆ పీడనం మందును ఇంకా వేగంగా కాలుస్తుంది.

తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్‌లో ఇత్తడి చుట్టూ ఉక్కు గోడ కాపుకాస్తుంది. వాయువుకు బ్యారెల్ తప్ప వేరే దారి లేదు, గుండును తోసుకుంటూ అటే పోతుంది. నేల మీదో అలమారలోనో ఉన్న తూటాకు ఆ కాపు లేదు. పీడనం సరిగా పెరగకముందే పల్చని ఇత్తడి చిరిగిపోతుంది. సాధారణంగా గుండు తొడుగు కంటే బరువు కాబట్టి అది దగ్గర్లోనే పడుతుంది, తేలికైన తొడుగే ఎగురుతుంది. అన్నిటికంటే వేగంగా వచ్చేవి ఊడిన ప్రైమర్ టోపీ, ఇత్తడి పెంకులు. ఇవి చర్మాన్ని చీల్చగలవు, కంటికి తగిలితే చూపు పోవచ్చు. అగ్నిమాపక సిబ్బంది మందపాటి కోటును, హెల్మెట్ ముఖకవచాన్ని మాత్రం సాధారణంగా దాటలేవు.

టెక్సస్‌లో పనిచేసిన ఫోరెన్సిక్ వైద్యుడు విన్సెంట్ డిమాయో తుపాకీ గాయాల మీద రాసిన ప్రామాణిక గ్రంథంలో, ఓవెన్‌లో వేడిచేసిన తూటాలు ఏ ఉష్ణోగ్రతకు పేలాయో ఇచ్చాడు. .22 లాంగ్ రైఫిల్ తూటా సగటున 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర, .38 స్పెషల్ 143 దగ్గర, 12 బోర్ 197 దగ్గర పేలాయి. గది మొత్తం ఒక్కసారి అంటుకునే వేళ పైకప్పు కింద వేడి 600 డిగ్రీలు చేరుతుంది. అంటే మంట నేరుగా తాకకపోయినా, పక్క గదిలో పై అరలో ఉన్న తూటాలకు ఆ వేడి చాలు.

1926లో ఏర్పడిన అమెరికా క్రీడాయుధాల తయారీదారుల సంస్థ ‘సామీ’, అగ్నిమాపక సిబ్బంది శిక్షణ కోసం పెట్టెల కొద్దీ తూటాలను మంటల్లో వేసి చిత్రీకరించింది. మొత్తం గుట్ట ఒక్కసారిగా పేలిపోలేదు. సీమటపాకాయల సరంలా, కాకపోతే లయ లేకుండా, ఒక్కొక్కటే పేలుతూ పోయాయి. ఐక్యరాజ్యసమితి రవాణా వర్గీకరణలో చిన్న ఆయుధాల తూటాలను సాధారణంగా 1.4ఎస్ తరగతిలో ఉంచడానికి కారణమూ ఇదే. పేలుడు ప్రభావం పెట్టె దాటదని, పెట్టె కాలిపోయినా దగ్గర్లో మంటలార్పేవారి పనికి పెద్దగా అడ్డురాదని ఆ తరగతికి అర్థం.

ఈ భరోసా లోడు చేసిన తుపాకీకి వర్తించదు. మంటలో ఛాంబర్ వేడెక్కితే ట్రిగ్గర్ ఎవరూ నొక్కకుండానే గుండు దాదాపు పూర్తి వేగంతో బ్యారెల్‌లోంచి వస్తుంది. మంచం పక్క సొరుగులో తుపాకీ ఎటు చూస్తూ ఉందో అటే పోతుంది. రివాల్వర్‌లో బ్యారెల్‌కు ఎదురుగా లేని తూటాలూ పేలవచ్చు. కాలిన ఇంట్లో శవం, శవంలో గుండు దొరికినప్పుడు అది హత్యా, మంట చేసిన పనా అని తేల్చడానికి నిపుణులు ఈ తేడాలనే వెతుకుతారు. ఛాంబర్‌లో వేడికి పేలిన తూటాకు, గుండు మీద బ్యారెల్ గాడుల గీతలు ఉంటాయి, ప్రైమర్ మీద ఫైరింగ్ పిన్ గుంట ఉండదు. విడిగా పేలినదానికి ఆ రెండూ ఉండవు.

తూటాలు సొంతంగా నింపుకునేవారి ఇళ్లలో విడి మందు, ప్రైమర్లు ఉంటాయి. తూటాల కంటే వీటి విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం 495వ ప్రమాణం ప్రకారం పొగలేని మందు 20 పౌండ్ల వరకు, అంటే సుమారు 9 కిలోలు, అసలు డబ్బాల్లోనే ఇంట్లో ఉంచుకోవచ్చు. అది దాటితే, 50 పౌండ్ల వరకు, కనీసం అంగుళం మందం గోడలున్న చెక్కపెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000కు మించకూడదు. ఇనుము ఉండగా చెక్క ఎందుకన్న సందేహం సహజం. చెక్క వేడిని నిదానంగా లోపలికి పంపుతుంది, పీడనం పెరిగితే అతుకుల దగ్గర విడిపోయి వాయువును వదిలేస్తుంది. గట్టిగా బిగించిన ఉక్కు డబ్బాలో అదే మందు బాంబవుతుంది. ప్రైమర్లను ప్యాకింగ్ నుంచి తీసి సీసాలో పోయడమూ అలాంటిదే: ఒకటి పేలితే అన్నీ ఒకేసారి పేలగలవు.

‘ఫైర్‌ప్రూఫ్’ సేఫ్ మీద నమ్మకం కూడా కొంత సడలించుకోవాలి. కాగితాల భద్రతకు వాడే 350వ తరగతి రేటింగ్, లోపలి వేడి 350 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 177 సెల్సియస్ దాటకూడదంటుంది. కాగితం ఆ వేడికి నిలుస్తుంది. .22 తూటా అంతకంటే చాలా ముందే పేలుతుంది.

నల్ల తుపాకీమందు సంగతి పూర్తిగా వేరు. గంధకం, సురేకారం, బొగ్గు కలిపిన ఈ మందు చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. మన ఏజెన్సీ ప్రాంతాల నాటు తుపాకుల్లో వాడేది ఇదే కాబట్టి, పైన చెప్పిన తూటాల భరోసాను దానికి అన్వయించకూడదు. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం కింద తూటాల పరిమాణం లైసెన్సులోనే రాసి ఉంటుంది, 2019 సవరణతో సాధారణంగా ఒక్కరికి రెండు తుపాకులే అనుమతి. అందుకే ఇక్కడి ఇళ్లలో నిల్వలు తక్కువ.

ఇల్లు అంటుకుంటే తూటాల కోసం లోపలికి పోకూడదు. బయటికొచ్చాక అగ్నిమాపక సిబ్బందికి మొదట చెప్పాల్సింది తుపాకులు లోడు చేసి ఉన్నాయా, ఏ గదిలో ఉన్నాయి, విడి మందు ఎక్కడుంది అన్నదే. టెక్సస్‌లోనో జార్జియాలోనో ఉంటున్న తెలుగువారికి పక్కింటి గ్యారేజీ నుంచి మంటల్లో తూటాలు పేలే చప్పుళ్లు వినిపిస్తే గోడ చాటుకో కారు చాటుకో తప్పుకుని, 911కు ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పాలి. మంట మీద నీళ్లు ధారాళంగా కొడితే తూటాలు చల్లబడి పేలుళ్లు ఆగిపోతాయి. పొగలో సీసం ఉంటుంది కాబట్టి సిబ్బంది శ్వాస పరికరాలు తీయరు. ఆరిన తర్వాత చెక్కుచెదరకుండా కనిపించే తూటాలనూ వాడకూడదు. వేడికి లోపలి మందు పాడై ఉండవచ్చు, తడికి మందు సరిగా కాలక గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కోవచ్చు. వాటిని చెత్తబుట్టలో వేయకుండా పోలీసులకు అప్పగించాలి.