తెర లేని పరీక్ష

అనంతపురం సీమలో ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. వర్షమాపకం ఎంత చూపినా, తాడిపత్రి సేద్యగాడు పొలంలో మన్ను తీసి పదును చూచుకొనక విత్తనం వేయడు. మొదటిది వాన రాకకు కొలత. రెండవది నేలకు అందినదానికి కొలత.

దూరం నుండి వచ్చే మాటకూ, బొమ్మకూ ఈ రెండు కొలతలూ ఉన్నవి. 1963లో కడప ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైనది. ప్రసారం ఎట్లా వినబడుతున్నదో శ్రోతల ఉత్తరాలు చెప్పేవి. తరంగబలం ఎంతో ఇంజనీరు మీటరు చెప్పేది. అందుకు పాట వినవలసిన పని లేదు.

నేడు బొమ్మలు నెట్‌వర్కు మీద వస్తున్నవి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించినారు. కరెంటు స్తంభాల మీదుగా సాగిన తీగె ఇంటింటికీ టీవీని, టెలిఫోనును, ఇంటర్నెట్టును చేర్చవలెనని దాని సంకల్పం. ఆ తీగె మంచిచెడ్డలను తెర చూడకుండా కొలుచుట ఎట్లా?

1996 జనవరిలో ఆర్.టి.పి. అనే నియమావళి వెలువడినది. దాని ప్రకారం బొమ్మ చిన్న చిన్న ప్యాకెట్లుగా బయలుదేరుతుంది. ప్రతిదానిపై వరుససంఖ్య, కాలపు గుర్తు ఉంటవి. 41 తరువాత 43 వచ్చి, 42 ఎంతకూ రాకుంటే అది దారిలో పోయినదన్నమాట. రాకల నడుమ ఎడములోని హెచ్చుతగ్గులను జిట్టర్ అంటారు. అందుకొన్న యంత్రం ఈ లెక్కలను పంపినవారికి తిరిగి తెలుపుతుంది.

నేటి వీడియోలు పెక్కు తునకలుగా వస్తవి. తునకకు 4 సెకన్ల బొమ్మ అనుకొందాము. చేతిలోని నిలువ అయిపోయేలోగా తరువాతి తునక రాకపోతే బొమ్మ ఆగుతుంది. పరీక్షించే ప్రోగ్రాము ప్రతి తునక వచ్చిన వేళను గుర్తించి, బొమ్మ ఎన్ని సెకన్లు ఆగి ఉండేదో లెక్కకట్టి, తునకను పారవేస్తుంది. బొమ్మ విప్పే శ్రమ లేనందున లోపం తీగెదో, ఇంటి పెట్టెదో విడదీయవచ్చును. ఒకే యంత్రం అనేక ప్రేక్షకుల పాత్ర వహించవచ్చును.

పరీక్షల ముందు పిల్లవాని పాఠం మాటిమాటికీ ఆగితే, లోపం ఎక్కడున్నదో నిరూపించేది ఈ అంకెయే. అయినను అంకెకు కన్ను లేదు. ఉత్త నల్లతెరను పంపినా, ప్యాకెట్లన్నీ వేళకు చేరితే పరీక్ష నెగ్గినట్లే. నల్లబల్లపై అక్షరం కనబడినదో లేదో అది ఎరుగదు.

ప్రసారవృత్తిలో ఉన్న మేము మీటరును నమ్ముతాము. కాని శ్రోత ఉత్తరం అందేదాక మాకు తృప్తి ఉండదు. వర్షమాపకమూ కావలెను, పదును చూచే చేయీ కావలెను.